ముందు అన్నది పూలమ్మే

కొమురెల్లి బొగ్గు బాయి నుంచి ఇంటికొచ్చాక రెండోసారి సబ్బు పెట్టి ముఖం కడుక్కోవడం పూలమ్మ మూడు రోజులుగా చూస్తోంది. మొదటిరోజు బొగ్గుమసి వదల్లేదేమో అనుకుంది. రెండోరోజు చూసీ చూడనట్టు ఊరుకుంది. మూడోరోజు అతను రేకుపెట్టె తెరిచి, పండుగలకు మాత్రమే తీసే తెల్ల అంగీ తొడుక్కుంటుంటే పొయ్యి ముందు నుంచి మెడ తిప్పి, ఎక్కడికని అడిగింది. దవాఖాన నర్సమ్మ కింది వరస గుడిసెల్లో మాట్లాడతానంది, కొత్త మనిషి, తోడు పోవాలి అన్నాడు. అని ఊరుకోలేదు. తడికకు గుచ్చిన అద్దం ముక్కలో ఓసారి ముఖం చూసుకుని మరీ వెళ్లాడు.

పెళ్లయిన పదేళ్లలో ఆ మనిషి అద్దం చూసుకోవడం పూలమ్మ ఎన్నడూ చూడలేదు. ఆ రోజు వండిన జొన్న గట్క అడుగంటింది.

అది డెబ్భయ్యో సంవత్సరం, దసరా దాటిన రోజులు. గోదావరిఖనిలో ఒక బాయిలో కొమురెల్లి టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా అడవి దుంగల్ని కొలిచి, కోసి, నిలబెట్టడం అతని పని. ఎనిమిదేళ్ల కింద మంథని వైపు పల్లె విడిచి, చంకలో పిల్లతో ఇద్దరూ వచ్చి గుడిసె వేసుకున్నప్పుడు అక్కడ పట్టుమని పది గుడిసెలు లేవు. వాకిట్లో నిలబడితే అడవే. పూలమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి వెళ్లి, అది మరిగేలోగా కట్టెలు ఏరుకొచ్చేది. ఎండాకాలం వస్తే ఇప్పపువ్వు, తునికిపండ్లు, మొర్రిపండ్లు. ఇప్పుడు గుడిసెలు వరసలు వరసలుగా పెరిగి, ఒకరి చూరు నీళ్లు ఇంకొకరి వాకిట్లో పడుతున్నాయి. కంపెనీ వేసిన ఒక్క నల్లా దగ్గర బిందెలు తెల్లవారకముందే బారులు తీరుతున్నాయి. బొగ్గు క్వార్టర్లలో ఉన్నవాళ్లకే వస్తుంది కాబట్టి గుడిసెల వాళ్లకు కట్టెలే దిక్కు. ఆ కట్టెల కోసం పూలమ్మ పొద్దున బయలుదేరితే మోపుతో తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. దారి పొడుగునా మొదళ్లే తప్ప చెట్టు కనిపించదు.

నర్సమ్మ అసలు పేరు సుగుణమణి. బెల్లంపల్లి పిల్ల. తండ్రి సామ్యేల్ అక్కడి పాత బాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయాడు. ఆమెకు ముప్పై నిండలేదు, పెళ్లి కాలేదు, తల్లి యేసమ్మతో క్వార్టర్లలో ఒక గదిలో ఉంటోంది. తెల్ల చీర, భుజానికి సంచి, సంచిలో ఎర్ర త్రికోణం అచ్చువేసిన కాగితాలు. ఇద్దరో ముగ్గురో చాలు, ఆపరేషన్ చేయించుకోండని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం ఆమె ఉద్యోగం. మొదటి వారం మగవాళ్లు ఆమె వెనక నిలబడి నవ్వారు. ఆడవాళ్లు తలుపులు వేసుకున్నారు. నవ్వకుండా విన్న ఒక్కడు కొమురెల్లి. వినడమే కాక, ఏ గుడిసెలో ఎవరుంటారో చూపిస్తూ వెంట నడవడం మొదలుపెట్టాడు.

ఒకనాటి సాయంత్రం అన్నం తింటూ, ఏదో పెద్ద సంగతి కనిపెట్టినవాడిలా చెప్పాడు. "మనుషులు గిట్లనే పెరుక్కుంట పోతే అడవి ఏడికెల్లి వస్తదే? బాయిలకు వచ్చే దుంగలు సుత ముందుగాల పక్క గుట్టకెల్లి వచ్చేటియి. ఇప్పుడు లారీ రోజంత నడిస్తెగని వస్తలేవు. కనుడు తగ్గియ్యకపోతే మన పిల్లలకు పొయ్యిల పుల్ల ఉండది. నర్సమ్మతోని మాట్లాడినంక నాకు కండ్లు తెరుచుకున్నయి."

పూలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ మాట ఆమెది. రెండు ఎండాకాలాల కింద, మెడ విరిగేంత మోపు వాకిట్లో పడేసి, చెమట తుడుచుకుంటూ తను అతనితో అన్న మాట. ఇంతమందికి ఈ అడవి ఎన్నాళ్లు ఆగుతుంది, మనం కనుకుంటూ పోతే వాళ్లు ఏం పెట్టి వండుకుంటారు అని అప్పుడే అంది. అతను ఊ అని అటు తిరిగి పడుకున్నాడు.

"గా మాట ముందుగాల నేనన్న," అంది.

"ఎప్పుడు?" అన్నాడు కొమురెల్లి. అబద్ధమాడలేదు. నిజంగానే గుర్తు లేదు.

ఆ ఒక్క ప్రశ్న పూలమ్మకు నెలల తరబడి అరగలేదు. తన నోట్లోంచి వచ్చినప్పుడు ఊ అనిపించుకున్న మాట, తెల్లచీర కట్టుకున్న మనిషి నోట్లోంచి వస్తే కళ్లు తెరిపించింది. నల్లా దగ్గర బిందె నిండే లోపు పక్కింటి మల్లక్క చెప్పే కబుర్లు ఆ మంట మీద ఊదేవి. నర్సమ్మ సంచి కొమురెల్లే మోస్తున్నాడట. యేసమ్మ అతనికి చాయ పోసి ఇచ్చిందట. నర్సమ్మ అతన్ని అన్నా అని పిలుస్తుందిలే అని మల్లక్కే మళ్లీ సర్దిచెప్పేది. అన్న అని పిలిస్తే చెల్లెలైపోతారా అనుకునేది పూలమ్మ. ఇంటికొచ్చి తన చేతులు చూసుకునేది. కట్టెలు గీరిన గీతలు, పగిలిన వేళ్లు. నర్సమ్మ పాదాలకు చెప్పులుంటాయి. మడమలు నున్నగా ఉంటాయి. ఓ రోజు ఎందుకో తల నిండా నూనె రాసుకుని రెండోసారి దువ్వుకుంది. పెద్దపిల్ల అనసూర్య, ఏ ఊరికి పోతున్నవమ్మా అని అడిగింది. సిగ్గేసి దువ్వెన చూరులో దోపేసింది.

సుగుణమణి ఆమె ఇంటికి మూడుసార్లు వచ్చింది. మొదటిసారి ఆమెను దూరం నుంచి చూసి, నల్లా బంద్ అయిన వేళ అని తెలిసీ పూలమ్మ బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. రెండోసారి వెనక తడిక జరుపుకుని మల్లక్క ఇంట్లో దూరింది. మూడోసారి దారి దొరకక లోపలే కూర్చుని, అమ్మ లేదని చెప్పమని అనసూర్యను పంపింది. అంతలోనే దగ్గు వచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. బయట సుగుణమణి చిన్నగా నవ్వడం వినపడింది. అమ్మ దగ్గుకు మందిస్త, వీలున్నప్పుడు రమ్మను బిడ్డా అని చెప్పి వెళ్లిపోయింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఉన్నా బాగుండేదనిపించింది పూలమ్మకు.

ఇవన్నీ ఎలాగో మింగింది. మింగలేనిది సంక్రాంతి ముందు జరిగింది. మోపు నెత్తిన పెట్టుకుని అడ్డదారిన వస్తుంటే, వాగు మీది మోరీ గోడ మీద కొమురెల్లి కూర్చుని కనిపించాడు. రెండు బారల దూరంలో సుగుణమణి నిలబడి ఉంది. అతను తల వంచుకుని చెబుతున్నాడు. తుమ్మ పొదల వెనక పూలమ్మ ఆగింది. మాటలన్నీ వినపడలేదు. ఒక్క పేరు వినపడింది. రాజవ్వ.

రాజవ్వ వాళ్ల ఆఖరి బిడ్డ. పోయిన ఎండాకాలం నల్లా నీళ్లు నాలుగు రోజులకోసారి వచ్చినప్పుడు, వాడకట్టంతా వాగులో చెలిమెలు తవ్వుకుని ఆ నీళ్లే తాగింది. వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఏడాదిన్నర పిల్ల రెండు రోజుల్లో పోయింది. మట్టి చేసి వచ్చిన నాటి నుంచి కొమురెల్లి ఆ పేరు ఎత్తలేదు. పూలమ్మ ఎత్తబోతే లేచి బయటికి పోయేవాడు. తనకు ఏడవడానికి తోడు లేక, పూలమ్మ అడవిలో చెట్టు మొదలు మీద కూర్చుని ఒక్కతే ఏడ్చుకునేది. ఇప్పుడా మనిషి పరాయి ఆడదాని ముందు రాజవ్వ పేరు చెప్పి, భుజం మీది తువ్వాలతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

అతను నర్సమ్మ చెయ్యి పట్టుకుని కనిపించినా ఆమెకు అంత నొప్పి కలిగేది కాదేమో. చెయ్యి పట్టుకుంటే ఎదురుపడి తిట్టవచ్చు. ఏడ్చినందుకు ఏమని తిడుతుంది? మోపు దించకుండా, వచ్చిన దారినే వెనక్కి తిరిగి, చుట్టూ తిరిగి ఇల్లు చేరింది.

మరో నెలకు తన ఒంట్లో తేడా తెలిసింది. నెల తప్పింది. ముగ్గురిని పెంచి, ఒకరిని పోగొట్టుకున్న మనిషికి అది తెలుసుకోవడానికి ఏ నర్సమ్మా అక్కర్లేదు. సంతోషమో భయమో ఆమెకే తేలలేదు. మోపు మోసేటప్పుడు భయం, ఖాళీగా కూర్చున్నప్పుడు రాజవ్వ బోసినోరు కళ్ల ముందు ఆడి ఆశ. కొమురెల్లికి చెబుదామని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే పొద్దు గూకేలోగా అది నర్సమ్మ చెవిలో పడుతుంది. ఆ ఆలోచన రాగానే నోరు కట్టుబడింది. ఈ ఇంట్లో నర్సమ్మకు తెలియని సంగతి ఒక్కటైనా ఉండనీ అనుకుంది.

హోళీ అయిన వారానికి ఊళ్లో ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. బడి ముందర షామియానా వేశారు, మైకు మోగింది. ఆ రోజు డబల్ డ్యూటీ ఉందని చెప్పి వెళ్లిన కొమురెల్లి, మధ్యాహ్నానికే ఒక చేత్తో కొత్త బకెట్, చంకలో దుప్పటి పట్టుకుని, కాళ్లు ఎడం ఎడంగా వేస్తూ వచ్చాడు. ఒళ్లు బాగాలేదని పడుకున్నాడు. ఆపరేషన్ చేయించుకున్న సంగతి అతని కంటే ముందే వాడకట్టు చేరింది. మల్లక్క వచ్చి, మీ ఆయన మంచి పని చేసిండు, నువ్వు సుత ఏలు పెట్టి ఒప్పుకున్నవట గద అని మెచ్చుకుంది.

వేలు పెట్టడమేమిటో పూలమ్మకు ముందు అర్థం కాలేదు. మల్లక్కే చెప్పింది. కాగితం మీద మొగుడూ పెళ్లామూ ఇద్దరూ ఒప్పుకున్నట్టు ఉండాలట. ఆమె వేలిముద్ర ఉందట.

మల్లక్క వెళ్లేదాకా ఆగి, పూలమ్మ మంచం పక్కన నిలబడింది.

"నా ఏలు నీకు ఎవలిచ్చిండ్రు?"

కొమురెల్లి కళ్లు తెరిచాడు. కార్మిక సంఘం ఆఫీసులో కూర్చుని సంతకం నేర్చుకున్నాడతను. తన పేరు రాసి, దాని కింద తన ఎడమ బొటనవేలే అద్ది, అది పెళ్లానిదన్నాడు. దాచడానికి ప్రయత్నించలేదు. నువ్వు ఒప్పుకోవనుకున్న అన్నాడు.

"అడిగినవా?"

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె వైపు తిరగకుండానే అన్నాడు. "ఇంకొకల్లను మట్టిల వెట్టుడు నాతోని కాదు పూలమ్మా."

ఆ మాటకు ఇంకెప్పుడైనా ఆమె కరిగి నీరయ్యేది. కడుపులో ఉన్న సంగతి చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదని కూడా తెలుసు. కానీ ఈ మాట ముందు మోరీ మీద విన్నది మరొకతె. తనకు దక్కింది రెండో చేతి దుఃఖం. పూలమ్మ పెదవులు బిగించుకుని బయటికి నడిచింది.

తెల్లవారి క్వార్టర్లకు వెళ్లింది. దారి పొడవునా అనవలసినవన్నీ కూర్చుకుంది. వాకిట్లో యేసమ్మ బియ్యం ఏరుతోంది. ఆ గదిలో ఒక మంచం, ఒక స్టవ్, గోడకు ఏసు బొమ్మ, తీగ మీద ఆరేసిన రెండే రెండు తెల్లచీరలు. సుగుణమణి లేచి పీట వేసింది. పూలమ్మ కూర్చోలేదు.

"నా మొగనితోని నా ఇంటి ముచ్చట్లు మాట్లాడనీకి నువ్వెవలు? నా పిల్ల పేరు నీకెందుకు? నేను పెట్టని ఏలు నీ కాయితం మీదికి ఎట్లొచ్చింది?"

మొదటి రెంటికీ సుగుణమణి ముఖంలో మార్పు రాలేదు. మూడోదానికి రక్తం ఇంకిపోయింది. "ఆ ఏలు మీది కాదా అక్కా?" అని, ఆ పీట మీద తనే కూలబడింది. కొమురెల్లన్న కాగితం ఇంటికి తీసుకుపోయి తెచ్చిచ్చాడని, తను నమ్మానని చెప్పింది. నమ్మడం తన తప్పేనని, ఇంటికొచ్చి అడగాల్సిందని అంది. "మీతోని మాట్లాడాలనే మూడుసార్లొచ్చిన. మగోళ్లతోని ఈ మాటలు మాట్లాడుడు నాకు మాత్రం సంతోషమా? ఆడోళ్లు తలుపు తీస్తలేరు. తీసింది ఆయన ఒక్కడే." ఇక మీద ఆయన్ని వెంట తిప్పుకోనని కూడా మాటిచ్చింది.

తిట్టడానికి వెళ్లిన మనిషికి తిట్టే వీలు లేకుండా పోయింది. నర్సమ్మ టక్కరిదైతే పూలమ్మ గెలిచి వచ్చేది. మంచిదని తేలడంతో ఓర్వలేనితనం పోకపోగా ఇంకా లోపలికి దిగింది. నెల తప్పిన సంగతి అక్కడా చెప్పలేదు.

వైశాఖం ఎండలకు చీర ఎంత చుట్టినా కడుపు దాగలేదు. ముందు మల్లక్క కళ్లు పట్టాయి. సాయంత్రానికి వాడకట్టు కళ్లన్నీ పట్టాయి. మొగుడికి ఆపరేషన్, పెళ్లానికి కడుపు. బాయిలో దిగేటప్పుడు కొమురెల్లి వెనక పాటలు కట్టారు. వచ్చే క్యాంపుకు పేర్లిచ్చిన ఏడుగురు మగవాళ్లూ, మా పెళ్లాలు మంచోళ్లే, మాకెందుకు ఈ తిప్పలు అని పేర్లు కొట్టేయించుకున్నారు. వాళ్లలో రాయమల్లు ఒకడు. అతని భార్య సారక్కకు ఎనిమిది కాన్పులయ్యాయి. కళ్లు పచ్చబడి, సగం బిందె ఎత్తినా ఆయాసపడుతుంది. ఇంకొక కాన్పు తట్టుకోలేదని దవాఖానలో చెప్పారు. సుగుణమణి ఆ ఒక్క ఇంటి చుట్టూ ఆరు నెలలు తిరిగి రాయమల్లును ఒప్పించింది. అదంతా ఒక్క నవ్వులో కొట్టుకుపోయింది.

కొమురెల్లి ఏమీ అడగలేదు. అడగకపోవడమే అతని అడగడం. పూలమ్మ అడవికి బయలుదేరితే ఎవరెవరు వస్తున్నారని అనసూర్యను కనుక్కునేవాడు. ఓ రోజు ఇప్పకాయ ఏరుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే, మొదళ్ల మధ్య దూరంగా అతను నిలబడి ఉన్నాడు. మొదటి షిఫ్టు ఎగ్గొట్టి వచ్చాడు. పట్టుబడ్డాక, కట్టె మొయ్యనీకి వచ్చిన అన్నాడు. మోపు ఎత్తుకుని ముందు నడుస్తుంటే వెనక నుంచి అతని మెడ చూసింది పూలమ్మ. చిక్కిపోయింది. తను మోరీ దగ్గర పొదల వెనక ఎలా నిలబడిందో, ఆ మనిషి అలాగే నిలబడ్డాడు.

ఒక్క మాటతో ఆ మంట ఆర్పేయవచ్చు. క్యాంపు నాటికే తనకు మూడో నెల అని చెబితే చాలు. ఆమె చెప్పలేదు. ఆనాడు అడవి మాట తనదంటే ఎప్పుడు అని అడిగాడు కదా, ఇప్పుడు లెక్కపెట్టుకోనీ అనుకుంది. ఎనిమిది రోజులు అతను కాలుతుంటే చూసింది. మొదటి రెండు రోజులు తియ్యగానే ఉంది. తర్వాత ఆ తీపి నాలుక మీద చేదయింది. అతను ముగ్గురు పిల్లల్లో చిన్నవాడిని ఒళ్లోకి తీసుకుని, ముక్కూ కళ్లూ ఎవరి పోలికో వెతుకుతున్నట్టు చూడటం కంటబడ్డాక అన్నం దిగలేదు.

తొమ్మిదో రోజు సుగుణమణి వచ్చింది. పూలమ్మ బిందె వెతుక్కోలేదు. తడిక జరుపుకోలేదు. చాప వేసింది.

సుగుణమణి చేతులు కడుక్కుని, పడుకోబెట్టి, కడుపు మీద అరచెయ్యి పెట్టి చూసింది. కదులుతోందా అని అడిగింది. వారం నుంచి అంది పూలమ్మ. ఐదో నెల నడుస్తోందని, క్యాంపు జరిగి రెండున్నర నెలలే అయిందని సుగుణమణి వేళ్ల మీద లెక్క చెప్పింది. లోకానికి తెలియనిదేదో కనిపెట్టిన సంతోషం లేదు ఆ ముఖంలో. "ముందుగాలనే చెప్తే అన్నను ఈసారికి ఆగుమందును. ఎందుకు చెప్పలేదక్కా?"

పూలమ్మ పైకప్పు వైపు చూస్తూ నిజం చెప్పింది. నీ మీద కుళ్లుతోని అంది. ఆ అడవి మాట కూడా బయటికొచ్చింది. నేను అంటే వినలేదు, నువ్వు అంటే విన్నాడు అంది.

సుగుణమణి అర్థం కానట్టు చూసింది. "అడవి మాట నేనెన్నడన్న? నేను చెప్పేది తల్లి పానం సంగతి, పిల్లల తిండి సంగతి. కట్టెలకు పోయిన దాన్ని కాదు, అడవి సంగతి నాకేమెరుక? అది అన్న చెప్తేనే నేను నేర్సుకున్న. ఇప్పుడు అన్ని వాడల్ల అదే చెప్తున్న."

పూలమ్మ లేచి కూర్చుంది. తను వాకిట్లో పడేసిన మాట మొగుడి చెవిలో పడి, ఎవరిదో గుర్తులేకుండా అక్కడే ఉండిపోయి, అతని నోట నర్సమ్మకు చేరి, మళ్లీ నర్సమ్మ పేరుతో తన పొయ్యి దగ్గరికి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడు నెలలుగా ఆమె కుళ్లుకుంది తన మాట మీదే.

నెలల సంగతి అన్నకు నేను చెప్తానని సుగుణమణి లేచింది. పూలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు నర్సమ్మా. గీ మాటన్న ఆయన నా నోటనే ఇనాలె."

మొదటి షిఫ్టు దిగి కొమురెల్లి వచ్చేసరికి ఆమె గడపలోనే కూర్చుని ఉంది. అతన్ని ముఖం కడుక్కోనివ్వలేదు. బొగ్గుమసితో ఉన్నవాడిని అలాగే కూర్చోబెట్టి, పుష్యమాసం నుంచి వరసగా చెప్పింది. నెల తప్పింది, దాచింది, ఎందుకు దాచింది, మోరీ దగ్గర ఏం విన్నది. అతను వింటూ వింటూ చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "రాజవ్వ పేరెత్తితే నువ్వు ఏడుస్తవని ఎత్తలే," అన్నాడు. "ఆమె పరాయిది. ఆమె ముంగట ఏడిస్తే ఇంటికి తేవుడుండది అనుకున్న." నువ్వు తీసుకొస్తే ఇద్దరం ఏడ్చేటోళ్లం గద అంది పూలమ్మ. అనుమానపడినందుకు అతను ఆమె కాళ్లు పట్టుకోబోయాడు. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుని, దొంగ వేలు సంగతి తను ఇంకా మరిచిపోలేదని, అది ఇంత తొందరగా పోయేది కాదని చెప్పింది.

ఇంట్లో సంగతి ఇంట్లో సర్దుకుంది. బయట నవ్వు ఆగలేదు. మర్నాడు నల్లా దగ్గర బారులో పూలమ్మకు నలుగురు మనుషుల ముందున్న సారక్క సగం బిందె ఎత్తి నడుం పట్టుకుని నిలబడిపోయింది. ఎవరో వెనక నుంచి, కొమురెల్లికి కోసింది ఏందో, కుట్టింది ఏందో అన్నారు. అందరూ నవ్వారు. సారక్క కూడా నవ్వబోయి ఆయాసంతో ఆగింది.

పూలమ్మ తన బిందె కింద పెట్టింది. కుళ్లుబోతుదాన్నని పదిమంది ముందు ఒప్పుకోవడం కన్నా, తప్పు చేసిందన్న మాట పడి ఊరుకోవడమే సులువేమో అని ఓ క్షణం అనిపించింది.

"ఆపరేషన్ నాటికే నాకు మూడో నెల," అంది గట్టిగా. "మీరందరు నర్సమ్మ గురించి ఏమేమో అంటుంటే ఇని, ఓర్వలేక, మొగనికి చెప్పకుంట దాచిన. తప్పు నాది. ఆపరేషన్ది కాదు, ఆయనది కాదు." అక్కడితో ఆగుదామనుకుంది గానీ మాట ఆగలేదు. "సారక్కా, నీ మొగన్ని పంపు. ఎనమండుగురు సాలరా? మనం వచ్చిన్నాడు అడవి ఏడుండె, ఇయ్యాల ఏడున్నది? గీ నల్లా నీళ్లు గింతమందికే సాల్తలేవు. నా రాజవ్వ సెలిమె నీళ్లు తాగి సచ్చింది. ఇంకెవలు సావాలె?"

నల్లా కింద బిందె నిండి పొర్లుతుంటే మల్లక్క చటుక్కున ఇంకో బిందె తోసింది.

రాయమల్లు ఆ వారమే ఒప్పుకోలేదు. నాలుగైదు రోజులు కొమురెల్లి అతన్ని బాయి మీద చాయ హోటల్లో కూర్చోబెట్టి మాట్లాడాడు. పూలమ్మ పోయి సారక్క దగ్గర కూర్చుంది. వానలు పడ్డాక పెట్టిన క్యాంపుకు రాయమల్లు వెళ్లాడు. అతని వెనక ఇంకో ఇద్దరు వెళ్లారు, ఏడుగురిలో మిగిలిన వాళ్లు వెళ్లలేదు. దసరా దగ్గరికి పూలమ్మ ఆడపిల్లను కన్నది. కొమురెల్లి రాజవ్వ పేరే పెడదామన్నాడు. ఒకరి పేరు ఇంకొకరికి వద్దు, ఆ పేరు దానికే ఉండనీ అంది పూలమ్మ. ఆ పేరు వాళ్లిద్దరి మధ్య మాటల్లోకి మళ్లీ వచ్చింది.

బాలింతతనం తీరాక పూలమ్మ సుగుణమణి వెంట నడవడం మొదలుపెట్టింది. చంకలో బిడ్డ ఉన్న ఆడది పిలిస్తే తలుపులు తెరుచుకున్నాయి. మందుల సంగతి, ఆపరేషన్ సంగతి నర్సమ్మ చెప్పేది. అడవి సంగతి రాగానే పూలమ్మ అడ్డుపడేది. అది నేను చెప్తా అనేది. ఒకసారి మరిచిపోయి సుగుణమణే చెప్పేస్తే, తిరిగి వచ్చేదాకా ముఖం ముడుచుకుని నడిచింది. కొన్ని ఇళ్లలో కాన్పులు తగ్గాయి. అయినా పల్లెల నుంచి కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు, గుడిసెలు పెరుగుతూనే ఉన్నాయి. కట్టెల దారి ఏడాదికేడాది సాగుతూనే ఉంది. ఆగుతుందని పూలమ్మ అనుకోలేదు. సారక్క మాత్రం బతికింది. పచ్చకళ్లు తెల్లబడ్డాయి. నిండు బిందె ఎత్తుకుని నడవగలిగింది.

రెండేళ్లకు సుగుణమణికి బసంత్‌నగర్ వైపు బదిలీ అయింది. యేసమ్మనూ ట్రంకు పెట్టెనూ బస్సెక్కించడానికి వాడకట్టు సగం వచ్చింది. బస్సు కదిలాక అందరూ తిరిగి వచ్చేశారు. ఇంటికొచ్చిన కొమురెల్లి అంగీ కూడా విప్పకుండా మంచం మీద వెల్లకిలా పడుకుని వాసాలు చూస్తున్నాడు.

పూలమ్మ పొయ్యి అంటించబోయి ఆగి, అతన్ని చూసింది. పాత మంట గుండెలో ఓసారి చురుక్కుమంది. దాని పక్కనే, అంతకన్నా పెద్దగా, ఇంకేదో ఖాళీ.

"పోయింది నా దోస్తు," అంది. "నడుమ నువ్వెందుకు మొకం ఏలాడేసుకుంటవ్? లేచి నీళ్లు తే."

కొమురెల్లి లేచి బిందె తీసుకున్నాడు. అతను వాకిలి దాటేదాకా ఆగి, పూలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.